పాల్వంచ స్టూడియోలో తల తిప్పిన ఫోటో

గోదావరి నీళ్లు దోసిట్లో పట్టుకుని చెప్పమన్నా చెబుతాను, ఇందులో ఒక్క అక్షరం కల్పన లేదు. ఇంత గట్టిగా ఎందుకు చెప్పుకోవాల్సి వస్తోందంటే, మా ఇంట్లో నేను ‘వాన పడుతోంది’ అంటే ఎవరో ఒకరు కిటికీ దాకా వెళ్లి చూసొస్తారు. పెళ్లిళ్లలో నా చుట్టూ కుర్చీలు లాక్కుని కూర్చునేవాళ్లు నిజాలు వినడానికి కూర్చోరు. ఆ పేరు నేను కష్టపడి తెచ్చుకున్నదే. కానీ ఈ ఒక్క సంగతి దగ్గర నన్ను నమ్మండి. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, ఇంకా సరిగ్గా పుట్టని వస్తువుల్ని జనానికి చూపించే పనిలో ఉన్న పిల్లలు మరీ శ్రద్ధగా చదవండి.

రెండువేల దశకం చివరి రోజులు. నేను హైదరాబాదులో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో డెమో మనిషిని. అంటే వస్తువు తయారు చేసేవాణ్ణి కాదు, అమ్మేవాణ్ణీ కాదు, దాని పక్కన నిలబడి నవ్వేవాణ్ణి. ఆ ఏడాది మా కంపెనీకి విదేశం నుంచి నలభై రెండు అంగుళాల తెరలు కొన్ని వచ్చాయి. ప్రత్యేకమైన కళ్లద్దాలేవీ పెట్టుకోకుండానే అందులోని బొమ్మ గాజు దాటి ముందుకొస్తుంది.

“ఇంకో రెండేళ్లలో పెళ్లి ఆల్బమ్ అనేది ఉండదయ్యా. పెళ్లికూతురే గోడలో నిలబడి ఉంటుంది,” అన్నాడు మా మేనేజరు. ఆయన ఆ మాట అంటుండగా తెరలోంచి ఒక చేప ఆయన చెవి దాకా వచ్చి నోరు తెరిచింది. అందరం చప్పట్లు కొట్టాం.

అసలు సంగతి ఏమిటంటే, మీ నాన్నలు చిన్నప్పుడు జాతరల్లో కొనుక్కున్న గరుకు గరుకు దేవుడి బొమ్మలు ఉండేవి, ఇటు తిప్పితే రాముడు, అటు తిప్పితే కృష్ణుడు. అదే విద్య. తెర మీద సన్నటి గాజు గీతలు ఉంటాయి. అవి ఒక కంటికి ఒక బొమ్మను, రెండో కంటికి ఇంకో బొమ్మను పంపిస్తాయి. మెదడు ఆ రెంటినీ కలుపుకుని ‘అబ్బో’ అనుకుంటుంది. అయితే చూసేవాడు సరిగ్గా తొమ్మిది పది అడుగుల దూరంలో, కొన్ని చోట్ల మాత్రమే నిలబడాలి. ఒక అర అడుగు పక్కకు జరిగితే మనిషికి నాలుగు కళ్లు, రెండు ముక్కులు. పావుగంట చూస్తే తలనొప్పి. అందుకని నేల మీద తెల్ల రంగుతో పాదాల గుర్తులు వేసేవాళ్లం, కృష్ణాష్టమికి వాకిట్లో వేసినట్టు. మా శిక్షణలో నేర్పిన మొదటి పాఠం ఒకటే: తెరను చూపించడం తర్వాత, ముందు కస్టమర్‌ను కదలనివ్వకు.

ఖమ్మంలో ఒక షోరూములో నేను ఆ చేప తోక తగిలి నా చొక్కా తడిసిందని చెప్పి, తడి చొక్కా చూపించాను. నలుగురు నమ్మారు, ఒకాయన ఫిర్యాదు చేశాడు. మాది నేలకొండపల్లి వైపు, యాస తెలుసు అనే వంక పెట్టి మేనేజరు నన్ను ఒక తెరతో సహా పాల్వంచ పంపించాడు. నాలుగు నెలలు అక్కడి ఒక ఫోటో స్టూడియోలో తెర పెట్టి, ఆ ప్రాంతంలో దానికి గిరాకీ ఉంటుందో లేదో చూడమన్నాడు.

స్టూడియో పెద్దాయనను ఊరంతా చాచా అనేది. తాతల నాటి నుంచి వాళ్లది కెమెరా కుటుంబం. కరెంటు ఫ్యాక్టరీ కాలనీల్లో పెళ్లిళ్లు, షిఫ్టు కార్మికుల గుర్తింపు కార్డులు, అడవి పల్లెల్లో ఉపాధి పని కార్డులకు ఫోటోలు, అన్నీ ఆయన చేతి మీదుగానే. ఆయన అసలు గొప్పతనం ఫోటో తీయడంలో లేదు, దిద్దడంలో ఉంది. సూదిలా చెక్కిన పెన్సిలుతో నెగెటివ్ మీద ముడతలు చెరిపేసేవాడు, మచ్చలు మాయం చేసేవాడు. జేబు ఫోన్లలో కెమెరాలు వచ్చాక ఆ చెయ్యి ఖాళీగా ఉంటోంది.

“నీ టీవీల మనిషి నిజంగ ముంగటికొస్తడా బేటా?” అని అడిగాడు మొదటి రోజు.

“వచ్చి షేక్‌హ్యాండ్ ఇస్తడు చాచా.”

“గట్లయితె కూసోనీకి కుర్చీ తెప్పిస్త ఆగు,” అన్నాడు. నా మాటల బరువు ఆయనకు అప్పుడే తెలిసిపోయింది.

లోపలి గదికి నల్ల పరదాలు కట్టాం. నెల రోజులు జనం వచ్చి చేపల్ని, పులిని చూసి, కళ్లు నులుముకుంటూ పోయారు. ఆర్డరు ఒక్కటీ రాలేదు.

ఆ తర్వాత ఒక మంగళవారం పొద్దున్న పినపాక అవతల అడవి అంచు పల్లె నుంచి ఇద్దరు వచ్చారు. ఒక పెద్దమనిషి, ఆయన తమ్ముడి భార్య. ఆమెకు ఇరవై అయిదేళ్లుంటాయేమో. రెండేళ్ల కింద వరదప్పుడు ఆమె భర్త నాటు పడవలో గోదావరి దాటుతుంటే పడవ బోల్తా పడింది. మిగతా వాళ్ల శవాలు తేలాయి. ఇతనిది దొరకలేదు. దొరకలేదు కాబట్టి ఆమె దినాలు చెయ్యనివ్వలేదు. బొట్టు తియ్యలేదు.

“ఎట్లనో గిప్పటికి ఒప్పుకున్నది సారూ,” అన్నాడు ఆ అన్న. “పెద్దలు కూడ అన్నరు, శవం లేకుంటె ఫోటో ముంగట పెట్టి చేద్దామని. మా ఊళ్లెనె ఒక మంచి పిలగాడు ఉన్నడు. దినాలైతె ఈమెను చేసుకుంటనన్నడు. పంట కోతలదాక ఆగుతనన్నడు. గందుకె ఫోటో పెద్దగ కావాలె.”

ఉన్నది ఒక్క ఫోటో. ఉపాధి కార్డు కోసం చాచా తీసిందే, భార్యాభర్తలు ఇద్దరూ కలిసి ఉన్నది. “నెగెటివ్ నా తాననె ఉన్నది,” అన్నాడు చాచా. “ఫ్రేము కట్టిస్త.”

అక్కడితో ఆగిపోవాల్సిన సంగతి. నా నోరు ఊరుకోలేదు. “ఫ్రేము దేనికి? మనిషినే చూపిస్త,” అన్నాను.

ఆ అన్న ఇబ్బందిగా కదిలాడు. అప్పటిదాకా గోడకేసి చూస్తున్న ఆమె మొదటిసారి నా వైపు తిరిగింది.

“సూపిస్తవా?”

“వచ్చే మంగళారం రా చెల్లె.”

మామూలు ఫోటోకి లోతు ఉండదు కదా, దాన్ని మనం గీసి ఇవ్వాలి. ఫోటో మీద పల్చటి కాగితం పరిచి దగ్గరున్నది తెల్లగా, దూరమున్నది నల్లగా రంగు నింపాలి. ముక్కు కొస తెలుపు, చెంపలు బూడిద రంగు, చెవులు ఇంకా ముదురు, వెనక గోడ నలుపు. ఆ కాగితాన్ని స్కాన్ చేసి ఫోటోతో కలిపి పెడితే మిగతాది తెర చూసుకుంటుంది. చాచా చేతికి సరైన పని దొరికిందని సంబరపడ్డాను. ఆయన నెగెటివ్‌ను లైటు మీద పెట్టుకుని, ముక్కు మీదికి కళ్లజోడు దింపుకుని, ఐదు రోజులు గీశాడు. ఊపిరి కూడా చెయ్యి అదరకుండా తీసేవాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆ బొమ్మను తెరకెక్కించాను. చాచా బయటి గదిలో ఒక కార్మికుడికి పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నాడు.

తెరలో ఆ మనిషి ఉన్నాడు. బక్క పలచని ముఖం, తల నూనె రాసి దువ్వుకున్నాడు. కత్తిరించినా పోని అంచులో, అతని భుజం పక్కన, ఆమె చీర కొంగు కాస్త మిగిలింది. అంతా బాగానే ఉంది. నేను వైరు సరిచేద్దామని కుడికి ఒక అడుగు వేశాను. అతను కుడికి తిరిగాడు.

ఆగాను. ఎడమకు వచ్చాను. ఎడమకు తిరిగాడు. తొందర లేకుండా, పరిచయమున్నవాణ్ణి చూసినట్టు. ఒక పాదాల గుర్తు దాటి రెండో గుర్తుకి వెళ్తే ముఖం ఒక్క క్షణం రెండుగా చీలి, మళ్లీ అతుక్కుని, మళ్లీ నన్నే చూడసాగింది. పరదా బయట ఎండ ఫెళ్లున కాస్తోంది, రోడ్డు మీద బస్సులు హారన్లు కొడుతున్నాయి.

కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే కారణం దొరికింది. చాచా ముక్కును నల్లగా, గోడను తెల్లగా గీశాడు. నలభై ఏళ్లు నెగెటివ్‌లు దిద్దిన చెయ్యి అది. నెగెటివ్‌లో ఎక్కడ నల్లగా చేస్తే ఫోటోలో అక్కడ తెల్లగా వస్తుంది. ఆయన చెవి నేను చెప్పింది విన్నది, చెయ్యి తనకు తెలిసిందే చేసింది. దాంతో ముక్కు బయటికి రావడానికి బదులు లోపలికి పోయింది. అది ముఖం కాదు, ముఖం అచ్చు తీసిన గుంట. కానీ మన మెదడుకు ఒక మొండితనం ఉంది, గుంట ముఖాన్ని ఒప్పుకోదు. దాన్ని బలవంతంగా బయటికి ఉబ్బించి చూస్తుంది. ఆ సర్దుబాటులోనే, మనం నడుస్తుంటే ముఖం మనతో పాటు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

సరిచేయడం రెండు నిమిషాల పని. కంప్యూటరులో నలుపు తెలుపులు తారుమారు చేస్తే చాలు.

ఇంతలో పాస్‌పోర్టు ఫోటో కార్మికుడు పరదా తొలగించి తొంగి చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. “ఓర్నీ! ఎటు పోతె అటు సూస్తుండేంది?” అని చెప్పులు అక్కడే వదిలేసి బయటికి ఉరికాడు. సాయంత్రానికి షిఫ్టు దిగిన వాళ్లు ముప్పై మంది వచ్చారు. నెల రోజుల్లో చేపలు చెయ్యలేని పని ఆ గుంట ముఖం ఒక్క పూటలో చేసింది. నేను దాన్ని సరిచేయలేదు. చాచాకు చెప్పనూ లేదు. ఆయన మాత్రం ఆ రోజు నుంచి తెరకు వీపు పెట్టి కూర్చోవడం మానేశాడు.

“బేటా, బట్ట కప్పు దాని మీద,” అనేవాడు.

“ఎందుకు చాచా?”

“నేను అత్తరు సీసా తియ్యనీకి లేస్తె, ఆయన కూడ లేస్తున్నట్టుంటది.”

మంగళవారం వాళ్లిద్దరూ వచ్చారు. ఆమెను పాదాల గుర్తు మీద నిలబెట్టి తెర వెలిగించాను. చాలాసేపు కదలలేదు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తర్వాత గుర్తు దిగింది. నేను ఆపబోయాను. గది ఈ మూల నుంచి ఆ మూలకు నెమ్మదిగా నడిచింది, మళ్లీ వెనక్కి వచ్చింది. తెరలో ముఖం ఆమెతో పాటే పోయి, ఆమెతో పాటే వచ్చింది. ఆమె వాళ్ల భాషలో ఏదో అంది. మాట్లాడుతూనే పక్కకు జరిగింది. ముఖం జరిగింది.

“ఏమంటున్నది?” అని ఆమె బావను అడిగాను. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

ఆమే చెప్పింది. “ఈయనకు ఎడమ చెవు వినపడదు సారూ. నేను మాట్లాడుకుంట పనిచేస్తుంటె, ఎటు పోతె అటు మొగం తిప్పుతడు. గిట్లనె.”

దగ్గరికి వెళ్లి అరచెయ్యి గాజు మీద పెట్టింది. ఆ తెరలు వెలుగుతున్నంతసేపూ వేడెక్కుతాయి.

“బావా, ఎచ్చగ ఉన్నడు,” అంది. “సచ్చినోడు ఎచ్చగ ఉంటడా? నేను దినాలు చెయ్యనియ్య.”

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పరదాల గది చీకటైంది. గాజు మీద ఆమె చెయ్యి ఎక్కడుందో అక్కడ, ఐదు వేళ్ల మేర, మసక వెలుతురు కాసేపు మిగిలి ఉండటం నేను చూశాను. చాచా కూడా చూశాడు. అదెందుకో నాకు ఈ రోజుకీ తెలియదు, తెరల సంగతి తెలిసినవాళ్లెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం మొదటి బస్సుకు వచ్చేది. తెర ముందు కూర్చుని ఇంట్లో సంగతులన్నీ చెప్పేది: మేక ఈనింది, ఇప్పపూలు ఈసారి బాగా రాలాయి, పైకప్పు ఒక మూల కారుతోంది. మధ్య మధ్యలో లేచి అటు ఇటు నడిచేది, అతను వింటున్నాడో లేదో చూసుకోవడానికి. పరదా అవతల జనం నిలబడి ఆమెను చూసేవాళ్లు. నేను మేనేజరుకు ‘స్పందన చాలా బాగుంది’ అని రాశాను.

మూడో వారం ఆమె బావ ఒక్కడే వచ్చాడు. లోపలికి రాలేదు. మెట్ల మీద కూర్చున్నాడు.

“సారూ, కోతలు దగ్గరికొచ్చినయ్. ఆ పిలగాడు ఇగ ఆగడు. ఈమె బతుకంత గా గాజు ముంగటనె పోతది. అది ఒట్టి బొమ్మ అని నేను చెప్తె కొట్టనీకొచ్చింది. నువ్వు పెట్టినోడివి, నువ్వు చెప్తె ఇంటది. జర చెప్పయ్యా. నీ కాళ్లు మొక్కుత.”

“చెప్త,” అన్నాను. “వచ్చే మంగళారం చెప్త.”

చెప్పాను. ఎలా చెప్పానో వినండి. భద్రాచలం రోడ్డులో బొమ్మలమ్మే అతని దగ్గర ప్లాస్టిక్ మాస్కు ఒకటి కొన్నాను, మీసాలున్న రాజు ముఖం. మంగళవారం ఆమె రాగానే తెర వెలిగించకుండా, ఆ మాస్కును తిప్పి, లోపలి గుంట ఆమె వైపు ఉండేలా గోడకు ఆనించి, కింద నుంచి లైటు వేశాను.

“నడువు చెల్లె,” అన్నాను.

నడిచింది. గుంట రాజు ఆమెతో పాటే తల తిప్పాడు. ఆమె ఆగిపోయింది. నేను మాస్కు తీసి ఆమె చేతిలో పెట్టాను. లోపల వేలు పెట్టి ముక్కు గుంటను తడిమింది.

“మీ ఆయన బొమ్మ గూడ గిదే. తప్పు గీసినం. మొగం లోపలికి పోయింది, గందుకె తిరుగుతున్నట్టు కనపడుతది. తప్పు నాకు మొదటి రోజే తెలుసు. దిద్దలె.”

“అయితె గిన్ని దినాలు నా మాటలు ఇన్నదెవరు?”

“ఎవ్వరు లేరమ్మా.”

నలుపు తెలుపులు సరిచేసి తెర వెలిగించాను. ముక్కు ముందుకొచ్చింది, గోడ వెనక్కి పోయింది. ఆమె కుడికి నడిచింది. అతను కదలకుండా ఎదురుగా, ఎవరినీ కాకుండా, చాచా కెమెరాను చూస్తూ ఉండిపోయాడు. ఆమె అక్కడే కూలబడి, రెండేళ్లుగా దాచుకున్నదంతా ఏడ్చింది. చాచా బయటికి పోయి తలుపు దగ్గరికి వేశాడు. కోతలకు ముందే దినాలు జరిగాయి. ఆ తర్వాత పెళ్లి కూడా జరిగిందని విన్నాను.

ఇక్కడ ఆపేస్తే అందరికీ బాగుంటుంది. పెళ్లిళ్లలో నేను చెప్పేటప్పుడు ఇక్కడే ఆపుతాను, వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. కానీ మొదట్లో ఒట్టు వేశాను కదా, ఆ ఒట్టు నిలబెట్టుకోవాల్సిన సమయం వచ్చింది.

ఇందులో మీకు అనుమానం వచ్చినవన్నీ నిజాలే. తల తిరగడం నిజం, చీకట్లో వేళ్ల వెలుతురు నిజం. నేను కల్పించింది ఒక్క మాస్కు సంగతే, దాని వెంట వచ్చిన ఏడుపూ దినాలూ పెళ్లీ. ఆ మాస్కు నేను కొనలేదు. అలా చూపించొచ్చు అనే ఆలోచన కూడా చాలా ఏళ్ల తర్వాత, మా పక్కింటి పాప ముఖానికి మాస్కు పెట్టుకుని వచ్చిన రోజు కలిగింది.

జరిగింది ఇది. చెప్తానన్న రోజుకు ముందు, సోమవారం మేనేజరు ఫోన్ చేశాడు. దేశంలో ఎక్కడా ఆ తెరలు ఎవరూ కొనలేదట, తలనొప్పి అని అన్ని చోట్ల నుంచీ ఫిర్యాదులట, అన్నీ వెనక్కి పంపేస్తున్నారట. మంగళవారం తెల్లవారగానే వ్యాను వచ్చింది. చెప్పాల్సిన పని తప్పిపోయిందని, నిజం చెప్పాలంటే, నాకు ప్రాణం లేచొచ్చింది. తెరను దుప్పట్లలో చుట్టి ఎక్కించాను. చాచా పరదాలు విప్పుతుండగా ఆమె వచ్చింది. ఖాళీ గోడను చూసింది. పక్కకు జరిగి చూసింది, ఇంకో పక్కకు జరిగి చూసింది.

“ఏడి సారూ?”

ఇదే చెప్పాల్సిన చోటు. చాచా నా ముఖంలోకి చూశాడు. నేను నోరు తెరిచాను. నా జన్మలో మాట దొరక్కపోవడం అదొక్కసారే.

“తీసుకపోయిన్రు,” అన్నాను.

“ఎటు దిక్కు?”

చెయ్యి ఎత్తి కొత్తగూడెం రోడ్డు చూపించాను. వ్యాను పోయింది అటే కాబట్టి అది అబద్ధం కాదు.

ఆమె కొంగు నడుముకు బిగించింది. “అమ్మా, ఆగు బిడ్డా,” అని చాచా మెట్లు దిగేలోపు రోడ్డెక్కింది. వాళ్ల ఊరు వెనక వైపు ఉంది. ఆమె ముందుకు, ఎండలోకి, మధ్య మధ్యలో ఎవరికో వినపడేలా ఏదో చెబుతూ నడిచిపోయింది.